సారంగధర కథయందు విధి

ఒకే కథ రెండు భాషలలో, రెండు పేర్లతో, ఒకే వీథిలో వినబడుట అరుదు. సోలాపురమునందును, దానికి చేరువనున్న కుంభారియందును నివసించు తెలుగు నేతవారికి అట్టి యవకాశము కలిగినది. తెలుగువారు సారంగధరుని కథగా ఎఱిగినదానినే, నవనాథ భక్తిసారమును పారాయణము చేయు మరాఠీ కుటుంబములు చౌరంగీనాథుని కథగా చదువుచున్నవి. సవతితల్లి మోహము, కుమారుని నిరాకరణము, అబద్ధపు నేరారోపణము, తండ్రి తొందరపాటు, కాలుసేతులు నఱకుట, నాథసిద్ధుల కృపచే ఆ బాలుడు మరల మనుజుడగుట - ఈ ఘట్టములు రెండింటను కానవచ్చును. పేర్లు మాఱినవి, దుఃఖము మాఱలేదు.

ఈ కథ విన్నవారు కన్నులు తుడుచుకొని సాధారణముగా ఒక్క మాటతో ముగింతురు: “అంతయు విధి.” ఆ మాట కథతోనే నిలిచిపోయినచో దానిని గూర్చి చర్చ యక్కఱలేదు. కాని అది కథను దాటి ఇంటిలోనికి వచ్చును. ఇష్టము లేని పెండ్లి చేసి ఆడుబిడ్డ దుఃఖించినపుడు దాని తలవ్రాత యందురు. విచారింపక ఒకనిపై నింద వేసి, పిమ్మట నిజము తెలిసినపుడు వాని గ్రహచార మందురు. కావున సారంగధరుని కథయందు విధి చేసిన దెంత, మనుష్యులు చేసిన దెంత యని వేఱుపఱచి చూచుట సాహిత్యమునకే గాక సంసారమునకును పనికివచ్చును.

కథ వచ్చిన త్రోవ

తెలుగున ఈ కథకు ప్రాచీనమైన కావ్యరూపము పదునేనవ శతాబ్దమున గౌరన రచించిన నవనాథ చరిత్రమునందు కలదు. అది ద్విపద కావ్యము. శ్రీశైలమునందలి శైవమఠముతో సంబంధించినది. అందు సారంగధరుడు కాలుసేతులు గోల్పోయి, సిద్ధుని యనుగ్రహమున వానిని మరల పొంది, చౌరంగియను నాథయోగి యగును. పదునేడవ శతాబ్దమున, విజయవిలాసకర్తయైన చేమకూర వేంకటకవి సారంగధర చరిత్రమును ప్రబంధముగా రచించెను. పిమ్మట యక్షగానములు, హరికథలు, వీథినాటకములు ఈ కథను పల్లెపల్లెకు మోసికొనిపోయినవి. గురజాడ అప్పారావు ఇరువది యేండ్ల వయసున, 1883లో, దీనినే ఇంగ్లీషున పద్యకావ్యముగా వ్రాసెను. బళ్ళారిలో 1886లో వెలసిన సరసవినోదినీ సభకు ప్రాణమైన ధర్మవరము రామకృష్ణమాచార్యులు విషాద సారంగధరమును నాటకముగా రచించి ప్రదర్శించెను. 1957లో వచ్చిన సారంగధర చలనచిత్రమున రామారావు సారంగధరుడుగను, భానుమతి చిత్రాంగిగను, రంగారావు రాజుగను నటించిరి.

మరాఠీయందు ఈ కథకు ముఖ్యాధారము 1819లో మాలూ కవి ముగించిన నవనాథ భక్తిసారము. నలువది యధ్యాయముల ఆ గ్రంథమున రాజు శశాంగరుడు, సవతితల్లి భుజావంతి, కుమారుడు కృష్ణాగరుడు. పంజాబున ఈ బాలుడే పూరన్ భగత్. సవతితల్లి పేరు లూణా. రక్షించిన గురువు గోరఖనాథుడు. నాథయోగులు నడచిన మార్గములవెంట ఈ కథ నడచినదని దీనివలన తెలియుచున్నది. ఏ రాజ్యమునకు పోయిన నచ్చటి రాజును తనలో చేర్చుకొనినది. తెలుగుదేశమున ఆ పాత్ర రాజమహేంద్రవరమునేలిన రాజరాజనరేంద్రునకు దక్కెను.

ఇచ్చట చరిత్ర యొక మాట చెప్పుచున్నది. రాజరాజనరేంద్రుడు 1022లో పట్టాభిషిక్తుడైన తూర్పు చాళుక్యరాజు. నన్నయభట్టుచే మహాభారతాంధ్రీకరణము ప్రారంభింపజేసిన పుణ్యమూర్తి. ఆయన రాణి అమ్మంగదేవి, రాజేంద్రచోళుని కుమార్తె. వారి కుమారుడే 1070లో చోళసింహాసనమెక్కిన ప్రథమ కులోత్తుంగుడు. శాసనములు చెప్పు ఈ కుటుంబమున సారంగధరుడు లేడు, చిత్రాంగి లేదు. అయినను రాజమహేంద్రవరమున సారంగధరుని మెట్ట యని నేటికిని చూపుదురు. విచారింపక కుమారుని శిక్షించిన తండ్రి కథను చెప్పుచు లోకము ఒక రాజును విచారింపకయే శిక్షించినది. ఈ కథకు దొరికిన మొదటి నిరపరాధి సారంగధరుడు కాగా రెండవవాడు రాజరాజనరేంద్రుడే. దీనిని కూడ విధి యనవచ్చునా? కాదు, చెప్పుచున్నది నిజమో కాదో యడుగని నోళ్ళ పని యిది.

విధి యనగానేమి?

పరీక్షకు ముందు కొలబద్ద కావలెను. భగవద్గీత పదునెనిమిదవ యధ్యాయమున ఏ కార్యమునకైనను ఐదు హేతువులు చెప్పబడినవి: అధిష్ఠానము, కర్త, కరణములు, వివిధములైన చేష్టలు, ఐదవది దైవము. దైవము లేదని గీత చెప్పలేదు. కాని దానిని మొదట నిలుపలేదు. నాలుగింటిని లెక్కించిన పిమ్మట ఐదవస్థానమున నిలిపినది. లోకవ్యవహారమున ఈ క్రమము తలక్రిందులైనది. దైవమును మొదట చెప్పి, తక్కిన నాలుగింటిని చెప్పకయే విడుచుట వాడుకయైనది.

న్యాయశాస్త్ర సంప్రదాయమున కాకతాళీయ మను మాట కలదు. కాకి వచ్చి వ్రాలుటయు తాటిపండు రాలుటయు ఒక్క క్షణమున జరిగినవి. కాకి పండును రాల్చలేదు; పండు కాకికొఱకు రాలలేదు. ఇది యాదృచ్ఛికము. విధియను ఒక్క మాటతో జనులు యాదృచ్ఛికమును, పూర్వకర్మఫలమును, దైవసంకల్పమును, తమ పొరపాటును కూడ కలిపి కట్టుదురు. ఈ నాలుగింటిని విడదీయనిదే సారంగధరుని కథ తెలియదు.

నేతవారికి ఈ భేదము వేఱుగా బోధింపనక్కఱలేదు. మగ్గముపై పడుగు ముందే అమర్చబడియుండును. నేయువాడు కూర్చుండిన పిమ్మట దాని పోగులను పెంచలేడు, తగ్గింపలేడు. కాని పేక వాని చేతిలోని నాడెతో నడచును. బట్ట చెడినపుడు పడుగు పోగు తెగినదా, పేక తప్పినదా యని చూచి గాని యజమానియైనను కూలి కోయడు. కథ చెడిన చోటను అట్లే చూడవలెను.

పావురము

అందఱు ఎఱిగిన కథారూపమున విధి పావురమై వచ్చును. రాజు వేటకై యడవికి పోయియుండగా సారంగధరుడు చెలికాండ్రతో పావురముల నెగురవేసి యాడుచుండెను. అతని పావురము ఎగిరిపోయి, సవతితల్లి చిత్రాంగి మేడపై వ్రాలెను. దానిని తెచ్చుకొనుటకై అతడు లోనికి పోయెను. మంత్రికుమారుడు సుబుద్ధి వలదని వారించెను, అతడు వినలేదు. అచ్చట చిత్రాంగి తన మోహమును వెల్లడించెను. అతడు తల్లివని చెప్పి, నిరాకరించి, బయటపడెను.

ఈ పావురము నిజముగా కాకతాళీయము. అది ఏ మేడపైనైనను వ్రాలవచ్చును. రాజు ఆనాడు ఊరనుండకపోవుటయు అట్టిదే. కథ మొత్తమున యాదృచ్ఛిక మనదగినది ఇంతమాత్రమే. కాని ఇచ్చటనే కవులు మెలకువతో ఒక మనుష్యుని నిలిపిరి. సుబుద్ధి యను పేరే యొక సూచన. పావురము విధి పంపిన దైనచో సుబుద్ధిని పంపినదెవరు? ద్వారమువద్ద నిలిచి హెచ్చరించు వాడు లేనిచో కథ వట్టి ప్రమాదకథ యగును. హెచ్చరించువాడుండుటచేత అది ఎన్నికతో కూడిన కథ యైనది. సారంగధరుని దోషము చిన్నది. తల్లి యింటికి బిడ్డ పోవుటలో తప్పేమున్నదను నిష్కల్మషత్వమే అతనిచేత ఆ గడప దాటించినది. విషాదనాయకుడు దుష్టుడు గాక, ఏదో యొక పొరపాటుచేత పడిపోవువాడు కావలెనని గ్రీకు విమర్శకుడు అరిస్టాటిల్ చెప్పినదానికి ఇంతకంటె చక్కని యుదాహరణము తెలుగున వెదకి తీయుట కష్టము. అతని మంచితనమే అతని పొరపాటునకు మూలము.

పావురముతోనే అనర్థమంతయు మొదలైనదని నమ్మువారు కథను నడుమనుండి చదువుచున్నారు. పావురము వ్రాలునాటికే ఆ మేడలో ఒక యనర్థము జరిగి, తలుపులు మూసికొని యుండెను.

పటము

నాటకముల ద్వారా, చలనచిత్రము ద్వారా ప్రసిద్ధమైన రూపమున చిత్రాంగికి మొదట చూపబడినది సారంగధరుని పటము. ఆమె ఆ పటమును చూచి అతనినే వరునిగా భావించెను. పిమ్మట ఆమె సౌందర్యమునకు లోబడి రాజు తానే పెండ్లాడెను. పటములో చూపబడినవాడొకడు, పెండ్లిపీటపై కూర్చుండినవాడు మఱియొకడు. నిన్నటివఱకు భర్తగా తలచినవానిని నేడు కుమారుడని పిలువవలసి వచ్చెను.

ఈ రూపమును కల్పించిన కథకులు సామాన్యులు కారు. సవతితల్లి కామమును వట్టి దుర్గుణముగా చెప్పిన పాతకథకు ఈ ఒక్క ఘట్టమును ముందు చేర్చి, వారు దానిని ప్రేమవిషాదముగా మార్చిరి. చిత్రాంగి చేసిన యబద్ధపు ఫిర్యాదు క్షమింపరానిది. ఆ యబద్ధమునకు ఒక బాలుని కాలుసేతులు బలియైనవి. కాని ఆమె హృదయమును మొదట మోసగించినది పావురము కాదు, గ్రహములు కావు. ఒక రాజు తన వయసును, ఆమె వయసును లెక్కింపలేదు. ఆ పెండ్లి కుదిర్చినవారు ఆమె సమ్మతి నడుగలేదు. మంత్రులు ఊరకుండిరి. ఇందఱి చేష్టలు కలిసి జరిగిన పనికి అంతఃపురము పెట్టిన పేరు విధి.

విధియను మాట ఎవరికి అనుకూలమో ఇచ్చట స్పష్టముగా కనబడుచున్నది. బలవంతుడు చేసిన పని బలహీనురాలి నొసట వ్రాతగా మాఱుచున్నది. వ్రాసిన చేయి రాజుది. వ్రాత మాత్రము ఆమెది.

తీర్పు

రాజు వేటనుండి మరలి వచ్చెను. చిత్రాంగి కుమారునిపై నేరము మోపెను. రాజు ఆ మాటను నమ్మి, కుమారుని అడవికి గొనిపోయి కాలుసేతులు నఱకుడని యాజ్ఞాపించెను. కథలో మిక్కిలి భయంకరమైన ఘట్టము నఱకుట కాదు. అంతకుముందు జరుగవలసి జరుగని విచారణ. కుమారుని మాట విన్నవాడు లేడు. సుబుద్ధిని పిలిచి యడిగినచో పావురము సంగతి తెలిసియుండెడిది. తల్లి రత్నాంగి ఏడ్పు సాక్ష్యము కాలేదు. రాజునకు సమయము లేక కాదు. రేపటివఱకు ఆగినచో రాజ్యము మునిగిపోదు. అతడు ఆగలేదు.

ఎందుకాగలేదను ప్రశ్నకు కథయే సమాధానము చెప్పుచున్నది. రాజు మనస్సున పటము సంగతి యున్నది. తాను తీసికొనినది కుమారునికి చూపినదానినే యని అతడెఱుగును. అట్టివానికి కుమారునిపై అనుమానము బయటనుండి రానక్కఱలేదు. అది లోపలనే కాచుకొనియున్నది. చిత్రాంగి యబద్ధము ఆ యనుమానమునకు నోరిచ్చినది. కనుక మొదటి తప్పే రెండవ తప్పును కన్నది. పేక ఒకచోట తప్పిన పిమ్మట దానిని విప్పి సరిచేయక పైపైన నేసికొనిపోయినచో బట్ట కడవఱకు ఆ తప్పు నడచును.

విధి బలీయమని రాజు చివర విలపించును. విధిని నిందించుట ఆతని దుఃఖమునకు కొంత యూరట నిచ్చును; నిజమే. కాని న్యాయాసనముపై కూర్చుండినవాడు విధిని సాక్షిగా పిలువరాదు. ఆ యాసనము వేయబడినదే, విధి చేసినదానిని మనుష్యుడు చేసినదానినుండి వేఱుపఱచుటకు.

ఇతరదేశముల సాక్ష్యము

ఈ కథను పోలిన గ్రీకు నాటకము యూరిపిడీస్ రచించిన హిప్పొలిటస్. అది క్రీస్తుపూర్వము 428లో ఏథెన్సున ప్రదర్శింపబడినది. సవతితల్లి ఫీడ్రా, ఆమె మోహించిన కుమారుడు హిప్పొలిటస్, అబద్ధపు లేఖను నమ్మి కుమారుని శపించిన తండ్రి థీసియస్. ఆ నాటకము ఆరంభముననే ఆఫ్రొడైటి దేవత వచ్చి, తన్ను పూజింపని హిప్పొలిటస్‌పై పగతీర్చుకొందునని ప్రకటించును. అంతకంటె స్పష్టమైన దైవసంకల్పము వేఱొకటి యుండదు. అట్టి నాటకమునందును చివర మఱియొక దేవత ఆర్టెమిస్ వచ్చి తండ్రిని మందలించును: సాక్ష్యమునకు ఆగలేదు, జ్ఞానుల నడుగలేదు, కాలమునకు పరీక్షించు నవకాశ మీయలేదు అని. దేవతయే పన్నిన పన్నాగమునందును తండ్రి తొందరపాటు తండ్రి లెక్కలోనే వ్రాయబడినది.

ప్రేమవిషాదములలో లోకప్రసిద్ధమైన షేక్స్పియరు రోమియో జూలియట్ నాటకమును చూచినను ఇదియే తేలుచున్నది. దాని నాందియే నక్షత్రముల ప్రతికూలతను చెప్పును. నిజము తెలుపు ఉత్తరము చేరకపోవుటకు కారణము ప్లేగు భయముచే దూతను ఇంటిలో నిర్బంధించుట. అది యాదృచ్ఛికము, మన పావురమువంటిది. కాని జూలియట్ తండ్రి, గురువారమునకు నిర్ణయించిన పెండ్లిని బుధవారమునకే జరుపుదునని పట్టుపట్టెను. ఆ ఒక్క దినము మిగిలియున్నచో ఏమి జరిగెడిదో ఎవరు చెప్పగలరు? చివర వెరోనా ప్రభువు మృతులయెదుట నిలిచి నక్షత్రములను నిందింపలేదు. రెండు కుటుంబముల పగను నిందించెను.

మనదేశమున అశోకుని కుమారుడు కుణాలుని కథ కలదు. సవతితల్లి తిష్యరక్షిత రాజముద్రతో కపటాజ్ఞ పంపి అతని కన్నులు తీయించినదని బౌద్ధగాథలు చెప్పును. పూర్వజన్మమున వేటకాడై లేళ్ళ కన్నులు పొడిచినందున అతనికీ గతి పట్టినదని వాని వివరణము. ఇది కర్మసిద్ధాంతము; దుఃఖితునకు తన దుఃఖమును సహించు బలము నిచ్చును. కాని దానిని చెప్పవలసినవాడు కుణాలుడు, తిష్యరక్షిత కాదు. బాధపడినవాడు నా కర్మ యనుకొనుట సహనము. బాధపెట్టినవాడు నీ కర్మ యనుట క్రౌర్యము.

రెండు ముగింపులు

తెలుగున సారంగధరుని కథకు రెండు ముగింపులు కలవు. పాతది నాథసంప్రదాయపు ముగింపు. సిద్ధుడు వచ్చి కాలుసేతులను మరల మొలిపించును. బాలుడు యోగి యగును. రెండవది ధర్మవరమువారి ముగింపు. సంస్కృతనాటకమునకు దుఃఖాంతము నిషిద్ధమని భావింపబడుచున్న కాలమున, ఆయన సారంగధరుని కథను విషాదముగానే ముగించెను. కన్నడసీమ నడుమనున్న బళ్ళారిలో తెలుగువారు ఇట్టి సాహసము చేయుట గమనింపదగినది. ఆ సభవారు 1891లో మదరాసున ఇచ్చిన ప్రదర్శనములు తమిళనాటకమున పమ్మల్ సంబంధ మొదలియారు వంటివారికిని ప్రేరణ యైనవి. సొంత రాష్ట్రమునకు వెలుపల నుండువారు పాతదానిని కాపాడుటయే గాక కొత్తదానిని కూడ ప్రారంభింపగలరని బళ్ళారి నిరూపించెను.

ఏ ముగింపు మేలైనది? సిద్ధుని రాక వినువారికి ఊరట. కాని దానివలన రాజు తప్పు తేలికపడును. నఱకబడిన చేతులు మరల వచ్చినచో నఱకించినవాని పాపము సగము కరగినట్లు తోచును. ధర్మవరమువారు ఆ యూరటను నిరాకరించిరి. నిజము తెలిసినది, ఆలస్యముగా తెలిసినది, పోయినది తిరిగిరాదు. ఈ ముగింపున ప్రేక్షకుడు ఆకాశమువైపు చూడడు, రాజువైపు చూచును. విషాదనాటకము విధిని చాటునని సాధారణాభిప్రాయము. ఇచ్చట అది విధి యను తెరను తొలగించినది.

అట్లని పాతముగింపును తృణీకరింపరాదు. అందును ఒక గంభీరమైన భావము కలదు. 1656 నాటి యప్పకవీయమున ఒక ఐతిహ్యము చెప్పబడినది. నన్నయ రచించినదని చెప్పబడు ఆంధ్రశబ్దచింతామణి నష్టమైపోగా, బాల్యమున దానిని కంఠస్థము చేసిన సారంగధరుడు సిద్ధుడై జీవించియుండి, మతంగపర్వత ప్రాంతమున బాలసరస్వతికి దానిని ఇచ్చెనట. ఆ వ్యాకరణము నన్నయది కాదని పలువురు పండితులు వాదించిరి. ఐతిహ్యమును చరిత్రగా గ్రహింపనక్కఱలేదు. కాని దాని ఊహ యెంత గొప్పది! చేతులు నఱకబడినవాడు భాషను కాపాడినవాడైనాడు. తండ్రి వ్రాసిన వ్రాతతో అతని జీవితము ముగియలేదు. తెలుగుభాషకు వ్రాతనేర్పు నియమములు అతని నోట నిలిచినవి. విధికి లోబడుటకును విధి పిమ్మట ఏదో యొకటి చేయుటకును గల భేదము ఈ ఐతిహ్యమున నున్నది.

మిగిలిన ఋణము

రెండు ముగింపులలోను ఒక లోపము సమానము. సారంగధరునికొఱకు సిద్ధుడు వచ్చెను, లేదా ప్రేక్షకుల కన్నీరు వచ్చెను. చిత్రాంగికొఱకు ఎవరును రాలేదు. ఆమెకు శిక్ష కలదు. ఆమెను అడుగని పెండ్లికి శిక్ష లేదు. ఆమె దోషమును చిన్నది చేయనక్కఱలేదు. ఒక నిరపరాధిని అంగహీనుని చేసిన యబద్ధము ఎంత దుఃఖమునుండి పుట్టినను అబద్ధమే. కాని న్యాయము ఆమెవద్ద మొదలై ఆమెవద్దనే ముగియరాదు.

పంజాబీ కవి శివకుమార్ బటాల్వి 1965లో లూణా యను కావ్యనాటకమును ప్రకటించెను. పూరన్ భగత్ కథను అతడు సవతితల్లి పక్షమున నిలిచి మరల చెప్పెను. ముసలిరాజునకు కట్టబెట్టబడిన పడుచుపిల్ల వేదనను ముందు నిలిపెను. దానికి 1967లో సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. శతాబ్దములపాటు దుష్టురాలని పేరుపడిన స్త్రీకి ఒక కవి విచారణ జరిపించెను. ఒకే కథావంశమునకు చెందిన చిత్రాంగికి తెలుగున పటము ఘట్టము ద్వారా ఆ విచారణకు ద్వారము తెఱవబడియే యున్నది. ఆ ద్వారమున ప్రవేశించి ఆమె పక్షమును పూర్తిగా వినిపించు రచనకు ఇంకను చోటున్నది.

మార్కండేయుని వంశీయులు

సోలాపురపు పద్మశాలీలు మార్కండేయుని తమ కులమూలపురుషునిగా పూజింతురు. శ్రావణపూర్ణిమనాడు ఆయన రథము నగరవీథులలో ఊరేగును. మార్కండేయుని కథ యేమి? పదునాఱేండ్ల యాయువని నిర్ణయింపబడిన బాలుడు శివలింగమును కౌగిలించుకొని యముని పాశమును వెనుకకు మరలించెను. నొసటివ్రాతలలో మృత్యువుకంటె గట్టిది లేదు. దానినే ఒక బాలుడు తన పట్టుదలతో త్రిప్పెను. అట్టివానిని కులదైవముగా గొలుచువారి యిండ్లలో “తలవ్రాత” యను మాట తుదిమాట కాగూడదు.

అయిన వారి జీవితమును చూచినను ఇదియే తెలియుచున్నది. తెలంగాణమున పొట్టగడవక పరదేశమునకు వచ్చుట వారికి పడుగు. వచ్చిన చోట మగ్గములు నిలిపి దుప్పట్లకు దేశమంతట పేరు తెచ్చుట పేక. బీడీలు చుట్టు స్త్రీలు తమ సంఘములో కూడి నిలిచిన ఫలితముగా కుంభారివద్ద 2006లో పదివేల యిండ్ల గోదూతాయీ పరుళేకర్ వసతి వెలసినది. ఆ యిండ్లు నొసటివ్రాతతో వచ్చినవి కావు. అర్జీలు వ్రాసిన చేతులతో వచ్చినవి.

సారంగధరుని కథయందు విధికి చోటు లేదని ఈ పరిశీలనము చెప్పుట లేదు. పావురము వ్రాలినది, దానిని ఎవరును ఆపజాలరు. కాని పావురమునకు ముందు ఒక పటమున్నది. పావురమునకు తరువాత ఒక తీర్పున్నది. పటము చూపినపుడు పిల్లను అడిగియున్నచో, తీర్పు చెప్పుటకు ముందు బిడ్డను అడిగియున్నచో, పావురము పావురముగానే ఎగిరిపోయెడిది. అడుగవలసిన రెండు ప్రశ్నలు అడుగబడలేదు. ఆ మౌనమునకే లోకము విధి యని పేరు పెట్టినది. ఇకపై ఈ కథ ఏ యింట చెప్పబడినను, చౌరంగీనాథుని పేరనైనను సారంగధరుని పేరనైనను, వినుచున్న పిల్లలకు పావురముతోపాటు ఆ రెండు ప్రశ్నలను కూడ చెప్పుట పెద్దల ధర్మము.